ఆ ఫిరంగి బలం ఎంత? సినిమా చూస్తూ చేసే ఒక ఫిజిక్స్ లెక్క



క్రితం పేరెంట్ టీచర్ మీటింగులో ఒక తండ్రిగారు నా టేబుల్ ముందు కూర్చుని ఒక రఫ్ నోట్‌బుక్ తెరిచి పెట్టారు. తొమ్మిదో తరగతి చదివే వాళ్ళ అబ్బాయిది. వెనక పేజీల నిండా అంతరిక్ష నౌకల బొమ్మలు, వాటి చుట్టూ అంకెలు.

"మేడమ్, యూనిట్ టెస్టుల 25కి 11 వచ్చినయి. బుక్కు తెరిస్తే ఇట్లున్నది. సినిమా బొమ్మలు గీయనీకేనా ఫీజులు కట్టేది?"

ఆయన కోపంలో తప్పేమీ లేదు. తప్పు నాది. రెండు వారాల ముందు ఆ నోట్‌బుక్‌ని క్లాసులో లాక్కుని, లోపల ఏముందో చదవకుండానే డైరీలో రిమార్కు రాసి పంపింది నేనే. ఆయన ఎదురుగా కూర్చోబెట్టి చూపిస్తుంటే మొదటిసారి సరిగ్గా చదివాను. అది పిచ్చిగీతల పేజీ కాదు, లెక్క. స్టార్ వార్స్ సినిమాలో ఒక యుద్ధ నౌక పేల్చే తుపాకీ ఒక్క దెబ్బలో ఎంత శక్తి ఉంటుందో, తెర మీద కనిపించిన దాన్ని బట్టి కట్టిన అంచనా. సాంద్రత, ఘనపరిమాణం, లేటెంట్ హీట్, పది ఘాతాలు అన్నీ అందులో ఉన్నాయి. ఒకచోట వ్యాసార్థం వేయాల్సిన చోట వ్యాసం వేశాడు, అందుకని జవాబు ఎనిమిది రెట్లు ఎక్కువ వచ్చింది. దారి మాత్రం సరైన దారే.

ఆ లెక్కనే ఈ నెల మీ ముందు పెడుతున్నాను. ఆదివారం పిల్లలతో కూర్చుని మీరూ చేయొచ్చు. ఒక స్కేలు, ఒక కాగితం, ఫోన్‌లో కాలిక్యులేటర్ ఉంటే చాలు.

సీన్ ఇదీ. 1980లో వచ్చిన 'ది ఎంపైర్ స్ట్రైక్స్ బ్యాక్' సినిమాలో హీరోల చిన్న నౌక గ్రహశకలాల గుంపులోకి దూరిపోతుంది. వెంటపడుతున్న పెద్ద నౌక పేరు స్టార్ డిస్ట్రాయర్. దారికి అడ్డొచ్చిన రాళ్ళను అది తన టర్బోలేజర్లతో కొట్టుకుంటూ వస్తుంది. ఆకుపచ్చ వెలుగు తగలగానే రాయి ఒక్క మెరుపు మెరిసి మాయమవుతుంది.

మొదటి ప్రశ్న: ఆ రాయి ఎంత పెద్దది? సినిమాలో ఎవరూ చెప్పరు. కానీ దాని పక్కనే కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉంది. స్టార్ డిస్ట్రాయర్ పొడవు 1,600 మీటర్లని సినిమా తీసినవాళ్ళే ప్రకటించారు. వీడియో ఆపి టీవీ మీద స్కేలు పెడితే, ఉదాహరణకు నౌక 40 సెంటీమీటర్లు వచ్చిందనుకుందాం. అంటే ఒక సెంటీమీటరుకు 40 మీటర్లు. రాయి అర సెంటీమీటరు ఉంటే అది 20 మీటర్ల రాయి. మ్యాపుల పాఠంలో సోషల్ టీచర్ చెప్పే స్కేలు పద్ధతే ఇది, కొత్తదేమీ లేదు.

ఇక్కడే పిల్లల్ని ఒక మాట అడగండి: రాయి, నౌక రెండూ కెమెరాకు ఒకే దూరంలో ఉన్నాయని నీకెలా తెలుసు? రాయి కెమెరాకు దగ్గరగా ఉంటే అసలు కంటే పెద్దగా కనిపిస్తుంది. వేలు కంటి ముందు పెట్టుకుంటే చందమామ మొత్తం మూసుకుపోతుంది కదా, అలాగ. ఈ సీన్‌లో మనకు కొంత ఆధారం ఉంది. తుపాకీ వెలుగు నౌక నుంచి బయల్దేరి ఆ రాయినే తాకింది కాబట్టి రెండూ మరీ దూరంగా లేవు. అయినా అనుమానం పూర్తిగా పోదు. కాగితం మీద పక్కన "దూరం ఒకటే అనుకున్నాం" అని రాయించండి. ఆ ఒక్క లైను రాయించడానికి నాకు క్లాసులో జవాబు రప్పించడం కంటే ఎక్కువ టైం పడుతుంది.

ఇక లెక్క. 20 మీటర్ల వ్యాసం అంటే వ్యాసార్థం 10 మీటర్లు. గోళం ఘనపరిమాణం సూత్రంలో వేస్తే సుమారు 4,190 ఘనపు మీటర్లు. రాయి మొత్తం ఇనుమే అనుకుందాం (అంతరిక్షంలో ఇనుము, నికెల్ నిండిన శకలాలు నిజంగానే ఉన్నాయి). ఇనుము ఒక ఘనపు మీటరు దాదాపు 7,870 కిలోలు. మొత్తం బరువు 3.3 కోట్ల కిలోలు, అంటే 33,000 టన్నులు.

మెరుపు తర్వాత ముక్కలు కనపడలేదు కాబట్టి రాయి ఆవిరైపోయిందని మా అబ్బాయి అనుకున్నాడు. ఇనుము 1,538 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సుమారు 2,860 డిగ్రీల దగ్గర మరుగుతుంది. చల్లటి ఇనుమును అక్కడి దాకా వేడి చేసి, కరిగించి, ఆఖరికి ఆవిరి చేయడానికి అన్నీ కలిపి కిలోకు 80 లక్షల జౌళ్ళ దరిదాపుల్లో కావాలి. పోల్చుకోవడానికి ఒక అంకె: మరుగుతున్న నీళ్ళను ఒక కిలో పూర్తిగా ఆవిరి చేయడానికి దాదాపు 23 లక్షల జౌళ్ళు చాలు. పొయ్యి మీద గిన్నె మాడిపోయేంత సేపు పడుతుందంటే కారణం ఇదే.

3.3 కోట్ల కిలోలను 80 లక్షలతో గుణిస్తే 2.6 × 10¹⁴ జౌళ్ళు. ఒక కిలోటన్ను టీఎన్‌టీ అంటే 4.2 × 10¹² జౌళ్ళు కాబట్టి ఇది సుమారు 63 కిలోటన్నులు. హిరోషిమా మీద పడిన బాంబు 15 కిలోటన్నులు. అంటే ఒక్క దెబ్బ నాలుగు హిరోషిమాలు. మన థర్మల్ స్టేషన్లలో ఉండే 500 మెగావాట్ల యూనిట్ ఒకటి ఆగకుండా ఆరు రోజులు తిరిగితే వచ్చే కరెంటు.

వ్యాసార్థం తప్పు సరిదిద్దగానే వాడి మొహం చిన్నబోయింది. వాడి పాత జవాబు 500 కిలోటన్నులు. ఇప్పుడు 63కి పడిపోయింది. వెనక బెంచీలో మరో సినిమా నౌక తరఫున వాదించే జట్టు ఉందట, వాళ్ళ ముందు పరువు పోతుంది! కాసేపు ఆలోచించి, "మేడమ్, రాయి 40 మీటర్లు అనుకుందాం" అన్నాడు. వ్యాసం రెండింతలు చేస్తే ఘనపరిమాణం ఎనిమిదింతలు, పాత జవాబు మళ్ళీ వచ్చేస్తుంది. అది వాడికి తెలుసు. ఘనం ఎలా పెరుగుతుందో అంత బాగా అర్థమైనందుకు మెచ్చుకోవాలా, మందలించాలా అని నాకు ఒక క్షణం తోచలేదు.

"తెర మీద ఏం మారింది?" అని మాత్రం అడిగాను. వాడు మళ్ళీ ఇంటికి వెళ్ళి కొలిచాడు. మూడుసార్లు కొలిస్తే 18, 20, 23 మీటర్లు వచ్చాయి. మూడూ రాసుకొచ్చాడు. 40 రాలేదు.

ఇప్పుడు తండ్రిగారి సంగతి. ఈ లెక్క అంతా టేబుల్ దగ్గర చెబుతుంటే ఆయన మొదట గడియారం చూసుకుంటూ విన్నారు. "ఆవిరి" అనే మాట రాగానే మధ్యలో ఆపారు. ఆయనది కంకర క్వారీ.

"మేడమ్, మేము రాయిని ఆవిరి చేస్తమా? పగిలితే సాలు గదా."

ఘనపు మీటరు రాయికి ఎంత మందు పడుతుందని అడిగాను. రాయిని బట్టి, హోల్స్ కొట్టిన తీరును బట్టి మారుతుంది కానీ అర కిలో అటూ ఇటూ అన్నారు. అక్కడే కాగితం మీద వేశాం. 4,190 ఘనపు మీటర్లకు సుమారు రెండు టన్నుల మందు. దాన్ని టీఎన్‌టీతో సమానమనుకున్నా, ఆవిరి చేయడానికి 63,000 టన్నులైతే, పగలగొట్టడానికి రెండు టన్నులు. ముప్ఫై వేల రెట్ల తేడా! సీన్ ఒక్కటే, రాయి ఒక్కటే, కొలతలు ఒక్కటే. మారింది ఒకే మాట: ఆవిరైందా, పగిలిందా?

నిజానికి ఇనుము బండరాయిలా పగలదు, సాగుతుంది. క్వారీలో మందు రాయి లోపల పెడతారు, ఇక్కడ దెబ్బ బయటి నుంచి. కాబట్టి రెండు టన్నులు మరీ తక్కువ అంకె. కానీ సమాధానం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఆయన మాటతోనే తెలిసింది. మా అబ్బాయి లెక్కలో పై హద్దు ఉంది. కింది హద్దు వాళ్ళ నాన్న ఇచ్చారు. మంచి అంచనాకు రెండూ కావాలి. అప్పుడే "ఇంతకు తక్కువ ఉండదు, ఇంతకు ఎక్కువ ఉండదు" అని చెప్పగలం. ఇక మిగిలిన పని వీడియోను ఒక్కో ఫ్రేమ్ కదుపుతూ, మెరుపు తర్వాత ముక్కలు ఎగిరాయా లేదా అని వెతకడం. ఆ పని ఇప్పుడు ఇంట్లో తండ్రీకొడుకులిద్దరూ చేస్తున్నారని విన్నాను.

ఇదంతా ఆటే కదా అని మీకనిపించవచ్చు. కానీ ఇదే పద్ధతిని నిజమైన ఆయుధం మీద వాడారు. 1945 జూలై 16న అమెరికాలోని న్యూ మెక్సికో ఎడారిలో మొదటి అణుబాంబును పరీక్షించినప్పుడు ఎన్రికో ఫెర్మీ అనే శాస్త్రవేత్త సుమారు 16 కిలోమీటర్ల దూరంలో నిలబడి ఉన్నారు. పేలుడు గాలి తాకే సమయానికి చేతిలోని చిన్న కాగితం ముక్కలు జారవిడిచారు. అవి దాదాపు రెండున్నర మీటర్లు పక్కకు కొట్టుకుపోయాయి. దాన్ని బట్టి 10 కిలోటన్నులని అంచనా కట్టారు. తర్వాత చాలాకాలం ప్రభుత్వ లెక్క 21 కిలోటన్నులు. కాగితం ముక్కలతో దాదాపు రెండింతల తేడాకు వచ్చారంటే చూడండి.

దానికంటే మన సినిమా లెక్కకు దగ్గరిది ఇంకొకటి ఉంది. అదే పేలుడు ఫోటోలను తర్వాత బయటకు వదిలారు. ఫోటో మీద ఎన్ని మిల్లీసెకన్లకు తీసిందో, 100 మీటర్లంటే ఎంతో గీత వేసి మరీ అచ్చు వేశారు. బ్రిటన్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ ఆ ఫోటోల నుంచే బాంబు శక్తిని లెక్కకట్టి 1950లో ప్రచురించారు. పై తరగతుల పిల్లలకు సూత్రం ఇస్తాను: గాలి సాంద్రతను నిప్పుగోళం వ్యాసార్థం ఐదో ఘాతంతో గుణించి, సమయం వర్గంతో భాగించాలి. 25 మిల్లీసెకన్లకు వ్యాసార్థం సుమారు 140 మీటర్లు, గాలి సాంద్రత 1.2. వేసి చూడండి, 25 కిలోటన్నుల దగ్గరకు వస్తుంది. కాలిక్యులేటర్ మీద రెండు నిమిషాల పని. ఐదో ఘాతం కాబట్టి వ్యాసార్థం కొలవడంలో పది శాతం పొరపాటు జరిగితే జవాబు అరవై శాతం మారిపోతుంది. అది కూడా వేయించండి. స్కేలు సరిగ్గా పెట్టమని మనం చెప్పక్కర్లేదు, వాళ్ళే పెడతారు.

మళ్ళీ సినిమాకు వద్దాం. సినిమాకు సెకనుకు 24 ఫ్రేములు. అంటే ప్రతి సినిమాలో ఒక స్టాప్‌వాచ్ దాగి ఉంది. తుపాకీ వెలుగు ఒక కిలోమీటరు దూరం దాటడానికి 24 ఫ్రేములు పట్టిందనుకుంటే దాని వేగం సెకనుకు ఒక కిలోమీటరు. కాంతి వేగం సెకనుకు దాదాపు మూడు లక్షల కిలోమీటర్లు. ఒక్క ఫ్రేమ్ మారేలోగా అది 12,500 కిలోమీటర్లు వెళ్ళిపోతుంది. కాబట్టి తెర మీద కంటికి కనిపిస్తూ నడిచి వచ్చేది కాంతి కానే కాదు. పేరులో లేజర్ ఉంది, నడక మాత్రం ఇంచుమించు రైఫిల్ తూటాది. ఈ సంగతి చెప్పిన రోజు క్లాసు పావుగంట నవ్వింది. పక్క క్లాసు టీచర్‌కు ఈ పత్రిక ముఖంగా క్షమాపణలు.

పిల్లలు ఎక్కువగా అడిగేది డెత్ స్టార్ గురించి. 1977 సినిమాలో అది ఒక గ్రహాన్నే పేల్చేస్తుంది. ఆ గ్రహం భూమి అంత ఉందనుకుంటే, దాన్ని ముక్కలు చేసి ఆ ముక్కలు మళ్ళీ ఒకదాని మీద ఒకటి పడకుండా విడదీయడానికి కనీసం 2.2 × 10³² జౌళ్ళు కావాలి. సూర్యుడు మొత్తం వెదజల్లే శక్తిని దాదాపు వారం రోజులు పోగేస్తే అంత. పైగా ఇది కనీసం మాత్రమే. తెర మీద ముక్కలు సెకనులో గ్రహం వ్యాసార్థమంత దూరం ఎగిరిపోయాయనుకుంటే వేగం సెకనుకు 6,400 కిలోమీటర్లు. భూమి ఆకర్షణ తప్పించుకోవడానికి 11 కిలోమీటర్లు చాలు. శక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇది లక్షల రెట్లు ఎక్కువ. దర్శకుడు ఆ లెక్క వేసి తీశాడని నేననుకోను. చిన్న నమూనాలను పేల్చి, హై స్పీడ్ కెమెరాతో తీసి, నెమ్మదిగా చూపిస్తే పెద్ద పేలుడులా కనిపిస్తుంది. అంతే సంగతి. 25వ వంతు నమూనా అయితే ఐదు రెట్లు నెమ్మదించాలి, అదొక వర్గమూలం లెక్క.

ఇంకో రకం ఆధారమూ ఉంది, అది పుస్తకం. 2002లో ఆ సినిమాల నౌకల నిలువుకోత బొమ్మలతో వచ్చిన పుస్తకంలో ఒక రవాణా నౌక ఫిరంగి దెబ్బకు 200 గిగాటన్నులని అచ్చు వేశారు. రాసింది ఖగోళ భౌతికశాస్త్రం చదివినాయనే. మనుషులు ఇప్పటిదాకా పేల్చిన అతి పెద్ద బాంబు 1961లో సోవియట్ యూనియన్‌ది, 50 మెగాటన్నులు. 200 గిగాటన్నులంటే అలాంటివి నాలుగు వేలు! మన రాయి లెక్కతో పోలిస్తే ముప్ఫై లక్షల రెట్లు. ఏది నమ్మాలి? మా అబ్బాయి సహజంగా పుస్తకం వైపే మొగ్గాడు. అచ్చులో ఉంది, పైగా అంకె పెద్దది.

అప్పుడు అదే సినిమాలోని మరో సీన్ చూడమన్నాను. గ్రహశకలం ఒకటి వచ్చి స్టార్ డిస్ట్రాయర్ వంతెన గదికి తగులుతుంది, నౌక తల పేలిపోతుంది. రాయి అదే 20 మీటర్లది, వేగం సెకనుకు 200 మీటర్లు అనుకుంటే దాని గతిశక్తి 6.6 × 10¹¹ జౌళ్ళు, సుమారు 160 టన్నుల టీఎన్‌టీ. మనం 63 కిలోటన్నులన్న తుపాకీ దెబ్బలో నాలుగు వందో వంతు. తన తుపాకీ శక్తిలో నాలుగు వందో వంతు తగిలితే తానే పేలిపోయే యుద్ధ నౌకను ఎవరైనా కడతారా? నౌక రక్షణ కవచం అప్పటికే దెబ్బతిని ఉండాలి. లేదా రాయి వేగం మనమనుకున్న దానికంటే చాలా ఎక్కువై ఉండాలి. లేదా మొదటి సీన్‌లో రాయి ఆవిరి కాలేదు, పగిలిందంతే. మూడింటిలో ఏది వాడికి ఇష్టమో నాకు తెలుసు. కానీ మూడూ వాడి చేతితోనే నోట్‌బుక్‌లో రాశాడు. ఇష్టం లేనిది కొంచెం చిన్న అక్షరాలతో రాశాడు, అయినా రాశాడు.

ఇంట్లో మీరు చేయాల్సింది పెద్దగా ఏమీ లేదు. సూత్రాలు గుర్తు లేకపోయినా ఫర్వాలేదు, అవి పాఠ్యపుస్తకంలో ఉన్నాయి. "జవాబు ఎంత?" బదులు "నీకెలా తెలుసు?" అని అడగండి. నౌక పొడవు ఎవరు చెప్పారు, రాయి ఇనుమని ఎవరన్నారు, ముక్కలు లేవని ఎన్ని ఫ్రేములు చూశావు అని. ఏది కొలిచారో ఒకవైపు, ఏది అనుకున్నారో ఇంకోవైపు రాయించండి. మీకు తెలిసిన పని ఏదైనా ఉంటే దాన్ని మధ్యలోకి తెండి. వెల్డింగ్ తెలిసినవాళ్ళకు ఇనుము కరగడం గురించి నాకంటే ఎక్కువ తెలుసు.

తర్వాతి యూనిట్ టెస్టులో వాడికి 25కి 14 వచ్చాయి. యూనిట్లు రాయనందుకు రెండు మార్కులు నేనే తీసేశాను. నోట్‌బుక్ వాడికి తిరిగి ఇచ్చేశాను, డైరీలో నేను రాసిన రిమార్కు కింద సంతకం పెట్టి కొట్టేశాను.

పోయిన వారం తండ్రిగారు క్వారీలో బ్లాస్టింగ్ వీడియో ఒకటి దూరం నుంచి తీసి పంపారు. ఫ్రేములో ఒక పక్క లారీ నిలబడి ఉంది, కొలతకు. ఒక రాయి పైకి లేచి మళ్ళీ నేల తాకడానికి 90 ఫ్రేములు పట్టింది. ఫోన్ వీడియో సెకనుకు 30 ఫ్రేములు కాబట్టి మూడు సెకన్లు. పైకి ఒకటిన్నర, కిందికి ఒకటిన్నర. అబ్బాయి గురుత్వ త్వరణంతో లెక్క వేస్తే ఎత్తు 11 మీటర్లు వచ్చింది. నాన్న లారీ ఎత్తు మూడు మీటర్లని పెట్టుకుని స్కేలుతో కొలిస్తే మూడున్నర లారీలు, అంటే పదిన్నర. ఆ అర మీటరు లారీ ఎత్తులో పోయిందా, ఫ్రేములు లెక్కపెట్టడంలో పోయిందా, రాయి లారీ కంటే కొంచెం వెనక ఉందా అని ఇద్దరూ ఇంకా వాదించుకుంటున్నారట.